తూము దించని మనిషి

అడర్లీ, మంగళవారం

నా బంగారు మేబెల్ అక్కకు,

ఈ ఉత్తరం బావకు చూపించకు. అమోస్ నన్ను వదిలించుకోవాలని చూస్తున్నాడని నాకు అనుమానం. నవ్వకు.

మేం కాపురముండే ఈ పడవలో ముప్ఫై ఏళ్ళు నన్ను చుక్కాని ముట్టుకోనివ్వని మొగుడు, ఈ వసంతం నుంచి రోజూ నా చేతికే ఇస్తున్నాడు. "పడవ నువ్వు నడుపు ఐవీ, లాకుల పని నేను చూసుకుంటా" అంటాడు. ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందని అడిగితే పలకడు. భోజనం దగ్గరా మాటల్లేవు. నేనేదో చెబుతుంటే కిటికీలోంచి బాతుల్ని చూస్తుంటాడు.

నిన్న కాలువ లాకులో, అమోస్ గట్టుమీంచి తూము ఎత్తి నీళ్ళు వదులుతుంటే, నేను పడవలో కిందికి దిగుతున్నాను. పై తలుపు అడుగున రాతి గడప ఉంటుంది కదా, నీళ్ళు తగ్గేటప్పుడు పడవ వెనక భాగం దానిమీద చిక్కుకుందా, ముక్కు కిందికి పోయి మునగడమే. సరిగ్గా అలాగే చిక్కుకుంది. లోపల గిన్నెలన్నీ జారిపడుతున్నాయి. తూము దించితేనే నీళ్ళు పోవడం ఆగుతుంది. "తూము దించు అమోస్, తూము దించు" అని గొంతు చించుకున్నాను. తూము పక్కనే నిలబడి, నాకు వీపు తిప్పి, పొలాల కేసి చూస్తున్నాడు. కింద తన వంతు కోసం ఆగిన పడవలో ఆవిడ పరుగున వచ్చి, అతన్ని పక్కకు నెట్టి దించబట్టి బతికాను. "ఏమయ్యా, పెళ్ళాన్ని ముంచుదామనా?" అని కసిరింది. అతను నవ్వి, "అవునండీ, అవును" అన్నాడు.

తర్వాత టీ పెట్టి ఇచ్చాడు. అడగకుండానే రెండు చెంచాల చక్కెర వేశాడు. ఏ తప్పూ చెయ్యకపోతే ఈ మర్యాదలెందుకు? ఆడ్లెమ్‌లో బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను.

నీ ఐవీ


ఆడ్లెమ్, గురువారం

అక్కా,

నేను రావడం లేదు.

పొద్దున అతను గట్టుమీద కూర్చుని తూము తిప్పే కడ్డీకి గ్రీజు రాస్తున్నాడు. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని వెనకనుంచే చెప్పేశాను. "నేను వెళ్ళిపోతున్నాను అమోస్. నువ్వంటే భయమేస్తోంది." తిరగలేదు. "హంతకుడా" అన్నాను, గట్టిగా. గుడ్డకు ఇంకాస్త గ్రీజు అద్దుకున్నాడు. నా నీడ పడింది కాబోలు, అప్పుడు తల తిప్పి, "ఎప్పుడొచ్చావే? టీ తాగుదామా?" అన్నాడు.

ఎదురుగా కూర్చుని, "నీకు వినపడదా?" అని మెల్లగా అడిగాను. నా పెదాల కేసి చూసి, "క్రిస్మస్ నుంచీ" అన్నాడు. మార్చిలో వంతెన మలుపులో ఎదుటి పడవ హారన్ వినపడక గుద్దేయబోయాడట. అందుకే చుక్కాని నాకిచ్చాడు. "చెబితే పడవ అమ్మేద్దామంటావు. గట్టుమీద ఇంట్లో నేనేం చెయ్యను?" అన్నాడు. నిజమే, అమ్మేద్దామనే అనేదాన్ని. "నీ పడవ కోసం నన్ను ముంచేవాడివి" అని ఏడ్చేశాను. అతనూ ఏడ్చాడు.

పడవ ఉంటుంది. లాకులో దిగినంతసేపూ నా మీంచి చూపు తిప్పకూడదని షరతు పెట్టాను. నేను చెయ్యెత్తితే తూము దించాలి. ఇవాళ పదిహేను లాకులు దాటాం. ఒక్కసారీ పక్కకు చూడలేదు.

ఇందాక అడిగాడు, "పొద్దున నా వెనక నిలబడి ఏమన్నావే?" అని. టీ తాగుదామన్నానని చెప్పాను. నమ్మాడు. నేనేమన్నానో నీ ఒక్కదానికే తెలుసు అక్కా, నీ దగ్గరే ఉండనీ.

సిగ్గుతో,
ఐవీ