ఎడమ పాదంలో దొరకని నాడి

అమీర్‌పేట,
సోమవారం

పెద్దక్కకు తమ్ముడు రాజయ్య దండాలు.

నువ్వు, బావ, మనవలు మంచిగున్నారా? నీ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఫోను చేస్తే మీ ఇంట్లో స్పీకరు పెడతారు, వాడంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. నువ్వే చదువు. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే, తప్పులుంటే అవి నీవే.

ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పనే. ఎండ ముదిరింది. ఇక్కడ జొన్నరొట్టె అట్టముక్కలా ఉంటుంది. అదేం పెద్ద బాధ కాదు.

అసలు సంగతి వేరు. రెండు నెలలుగా నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తోంది. నిలబడితే తగ్గుతుంది, నడిస్తే మళ్లీ పడుతుంది. పంజాగుట్ట దాకా పోవాలంటే నాలుగుసార్లు ఆగాలి. ముసలోడు ఆగిపోయాడని ఎవరూ అనొద్దని బట్టల దుకాణాల ముందు నిలబడి చీరలు చూసేవాణ్ణి. ఒక దుకాణంవాడు, "ఏం పెద్దాయనా, రోజు చూస్తవు, కొనవు. ఇంట్ల అమ్మ ఒప్పుకుంటలేదా?" అన్నాడు. నీ మరదలు పోయిందని వాడికేం తెలుసు!

మా వార్డెనమ్మ బలవంతంగా ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ నీ మనవరాలంత ఉంటుంది. నేను కూర్చోగానే వంగి నా పాదాలు పట్టుకుంది. పెద్దవాణ్ణని మొక్కుతోందనుకున్నాను. తలమీద చెయ్యిపెట్టి, "నూరేండ్లు సల్లగుండు బిడ్డా" అన్నాను. వార్డెనమ్మ నవ్వింది. డాక్టరమ్మ లేవలేదు.

"జర ఆగు తాతా, నాడి చూస్తున్న" అంది.

కుడి పాదం తొందరగానే వదిలింది. ఎడమ పాదం ఎంతసేపటికీ వదలలేదు. నా చెయ్యి ఆమె తలమీదే ఉండిపోయింది. తర్వాత చేతికి కట్టే బీపీ పట్టీ తెచ్చి చీలమండకు కట్టింది. కాలికి పోయే రక్తం ఎక్కడో అడ్డుపడుతోందట. వచ్చే సోమవారం స్కానింగ్ చేసి చూస్తారు.

"తాతా, మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లయిందా?" అని అడిగింది.

"ఎవరికి లేదు" అన్నాను గట్టిగా.

అబద్ధం, అక్కా. నాయన కాలు మోకాలి కింద తీసేసిన సంగతి కండ్ల ముందు కదులుతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు.

భయంగా ఉంది. నేను భయపడతానని నీకు తెలియదు. నాకూ తెలియదు. చుట్టలు ఆ రోజే పారేశాను. పొద్దున లేవగానే డాక్టరమ్మ వేళ్లు పెట్టిన చోటే నేనూ పెట్టి చూస్తున్నాను. కుడిది కొట్టుకుంటోంది. ఎడమది చల్లగా ఉంది.

నాయనకు సేవ చేసింది నువ్వే. ఆయనకూ ముందు పిక్కే పట్టేసేదా, కాలివేలే ముందు నల్లబడిందా? ఉన్నదున్నట్టు వెంటనే రాయి, నన్ను ఊరడించకు. ఈసారి ఆమెకు నిజం చెప్తాను.

బావకు దండాలు, మనవలకు దీవెనలు. ఇక్కడినుంచే నీ కాళ్లకు మొక్కుతున్నాను, దీవించు. దసరాకు రెండు కాళ్లమీదే వస్తాను. మొక్కినప్పుడు నీ పాదాలు తొందరగా వదలను, కసురుకోకు. నువ్వూ ఆ నాయన బిడ్డవే కదా, నాడి చూస్తుంటాను.

నీ తమ్ముడు
రాజయ్య