కో మిన్ లాగిన్

మంగళవారం, ఇన్సేన్

పక్క కుర్చీలో పనిచేసే కో మిన్‌ను పోయిన వారం బస్టాప్ దగ్గరే సైన్యంలోకి పట్టుకుపోయారు. ఎవరైనా తనిఖీకి వస్తారని మా మేనేజర్ దా ఖిన్‌కు భయం. అతని పేరు సర్వర్‌లో ఎక్కడా కనపడకూడదన్నారు. పొద్దున్నే డేటాబేస్‌లో అతని లాగిన్ తీసేశాను.

కాసేపటికే మా రక్తదాతల వెబ్‌సైట్ ఆగిపోయింది. ఆపరేషన్‌కు రక్తం కావాలని ఆస్పత్రుల నుంచి ఒకటే ఫోన్లు. నెట్‌వర్క్ చూశాను, పోర్టు చూశాను, లినక్స్ సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. సైట్‌కు డేటాబేస్ మాత్రం కలవదు. చివరికి సర్వర్ జరిగినవన్నీ రాసుకునే లాగ్ తెరిస్తే ప్రతి వరుసలోనూ ఒకటే మాట: కో మిన్ అనే యూజర్ లేడు. ఎప్పుడో తొందరలో అతను సైట్‌ను డేటాబేస్‌కు తన సొంత లాగిన్‌తోనే కలిపేశాడు.

వేరే పేరుతో లాగిన్ పెట్టాను. సైట్ లేచింది. దా ఖిన్ అందరికీ టీ తెప్పించారు.

ఇంటికొస్తే అమ్మ, "ఆ కుర్రోడి కబురేటైనా తెలిసిందా?" అంది.

లేదన్నాను.

"మీ ఆఫీసోలు ఎవులూ అడగనేదేటిరా?"

అడగలేదు. ఇవాళ కో మిన్ ఏడని పేరుపెట్టి అడిగింది ఆ సర్వర్ ఒక్కటే. మధ్యాహ్నానికి దాని నోరు కూడా నేనే మూయించాను.