చిన్నోణ్ణి యాడ పెట్టాల

కర్నూలు,
బుధవారం, పొద్దుగూకే వేళ.

మా ఓబులమ్మక్క పాదాలకు తమ్ముడు పుల్లయ్య మొక్కి రాసే జాబు.

నేను, లక్ష్మీదేవి, పాప ఇక్కడ బాగున్నాము. చిన్నోడు కూడా బాగున్నాడు అని రాయబోయి ఆగాను. వాడి సంగతి కిందికి పోయేకొద్దీ రాస్తాను. ముందు నీ కన్ను ఎట్లా ఉందో చెప్పించు. కట్టు మార్చారా? పక్కింటి పీరమ్మత్త చుక్కలమందు వేళకు వేస్తున్నదా? డాక్టరు చెప్పింది మళ్ళీ రాస్తున్నాను, విసుక్కోవద్దు. వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి పొగ తగలకూడదు, ఏడవకూడదు. ఆ చివరి మాటను తలుచుకునే నిన్నటి నుంచి ఈ జాబు రాయాలా వద్దా అని కొట్టుకులాడుతున్నాను.

అయివారూ, మీకు నా నమస్కారాలు. మా అక్కకు జాబులు చదివిపెట్టే పని మీ నెత్తిన పడింది, ఏమనుకోవద్దు. ఈ జాబు ఒకే ఊపున చదవకండి. పీరమ్మత్తను పక్కన కూర్చోబెట్టుకొని, ఆగి ఆగి చదవండి.

అక్కా, ఇక్కడ ఎండ మన కమలాపురం ఎండకు అన్న. రాజధాని అంటే మిద్దెలు, మేడలు అనుకున్నావు కదా, మా ఆఫీసు ఇంకా డేరాలోనే ఉంది. గాలి లేచిందంటే దొరగారి కాగితాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. బంట్రోతు పని గౌరవమైనదే, కాదనను. తలకు పాగా ఇచ్చారు, నడుముకు బిళ్ళ ఇచ్చారు. ఉండడానికి మాత్రం ఒక్క గది. ఆ గదిలో ముగ్గురం మెసలడమే కష్టమంటే, చిన్నోడు వచ్చి నలుగురమయ్యాము. నేను సణగడం లేదక్కా. వాడు నీకెంత తమ్ముడో నాకూ అంతే. నీ మొదటి కన్ను ఎందుకు పోయిందో నాకు తెలియదా? వాణ్ని ఎవరి దగ్గర వదలాలో తోచక నువ్వు ఆసుపత్రికి పోకపోబట్టే పోయింది. అందుకే రెండో కంటికి ఆపరేషన్ అన్నప్పుడు ఆసుపత్రి వసారాలో నీ చేయి పట్టుకొని చెప్పాను, నీ కన్ను గట్టిపడేదాకా చిన్నోడు నా పూచీ అని. ఆ మాట మీద నిలబడాలనే ఇన్నాళ్ళూ కిందా మీదా పడ్డాను.

వాడు వచ్చిన కొత్తలో తిండి దగ్గరే పెద్ద రగడ. లక్ష్మీదేవి వాళ్ళది నంద్యాల పక్క, ఆమెకు జొన్నరొట్టె తెలుసు కానీ రాగిసంగటి చేయి తిరగదు. మొదటి రోజు గడ్డలు గడ్డలుగా చేసి పెడితే వాడు పళ్ళెం పక్కకు తోసి వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. నువ్వు వస్తావని కాబోలు. ఆమె మూతి ముడుచుకున్నా, మరునాడు ఎదురింటామెను అడిగి నేర్చుకుంది. నువ్వు చేసినట్లే తడిచేత్తో ముద్దను గుండ్రంగా తట్టి, నడుమ గుంట చేసి, అందులో ఊరిమిండి పచ్చడి పెట్టి ఇచ్చింది. అప్పుడు తిన్నాడు. ఆమెను ఒక్క మాట అనవద్దక్కా. నా పెళ్ళాం అని వెనకేసుకు రావడం లేదు, కన్నబిడ్డకు చేసినట్లు చేసింది.

తిండి కుదిరింది, వీధి కుదరలేదు. మన ఊళ్ళో వాడు పొద్దున్నే బావి దగ్గరికి పోయి, నీళ్ళు తోడే కపిల ఎద్దుల వెంట మధ్యాహ్నం దాకా తిరిగేవాడు. ఎద్దులు పల్లంలోకి దిగితే మోకు మీద కూర్చొని దిగడం, పైకొచ్చిన బాన నీళ్ళు కుమ్మరించాక వాటితోపాటు వెనక్కి వెనక్కి ఎక్కడం. వాడికి తెలిసిన పని అదొక్కటే, అయినా ఊళ్ళో ఎవరూ వాణ్ని పనికిరానివాడు అనలేదు. ఇక్కడ ఎద్దులేవి? బావి ఏది? పొద్దున లేచి వీధిలోకి పోయి, ముందుకు కొంత దూరం నడిచి, హో హో అని అదిలిస్తూ, మళ్ళీ వెనక్కి వెనక్కి నడిచి వచ్చేవాడు. నీకూ నాకూ అది కపిల తోలడం. కర్నూలు వాళ్ళకు అది పిచ్చి. మీసాలున్న ముప్పై ఏళ్ళ మనిషి వీధిలో వెనక్కి నడుస్తుంటే ఎవరికి మాత్రం ఏం అర్థమవుతుంది? నవ్వేవాళ్ళు నవ్వారు, రాయి విసిరేవాళ్ళు విసిరారు.

ఒకనాడు నా వెనకే ఆఫీసుకు వచ్చి, డేరాల నడుమ బాటలో ఇదే పని మొదలుపెట్టాడు. ఎవరో పెద్ద దొర కారు వస్తుంటే అడ్డం పడ్డాడట. నేను పరుగెత్తి పోయేసరికి పోలీసులు స్టేషనుకు పట్టుకుపోయారు. హెడ్డు కానిస్టేబులు చెడ్డవాడేం కాదు, మన జమ్మలమడుగు పక్క మనిషే. నేను కాళ్ళు పట్టుకోబోతే లేపి కూర్చోబెట్టాడు. ఈ పట్నంలో ఇట్లాంటి వాళ్ళను చూసుకునే చోటు ఏదైనా ఉంటే చెప్పమని అడిగాను.

"దొంగయితే లాకప్పు ఉండాది. కొట్టే పిచ్చోడయితే మేజిస్ట్రేటు కాడికి తీస్కపోయి, పిచ్చాసుపత్రికి పంపిస్తాం. ఈడు రెండూ కాదు గదప్పా. ఏమీ చెయ్యనోణ్ణి పెట్టేదానికి మా కాడ తావు యాడిది?" అన్నాడు.

ఆ మాట నేను ఇంకా ఎక్కడెక్కడ విన్నానో చెబితే నీకు విసుగొస్తుంది. ఆసుపత్రిలో రోగం లేదు పొమ్మన్నారు. మిషనువాళ్ళ ఆశ్రమంలో ఒక ముసలి నర్సమ్మ ఓపిగ్గా అంతా విని, పసివాడై ఉంటే చేర్చుకునేవాళ్ళం అంది. వీడు పసివాడేనమ్మా అన్నాను. వాడి మీసాల వైపు చూసి ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది కానీ చేర్చుకోలేదు. చివరికి మా దొరగారికే చెప్పుకున్నాను. ఆయన జాలిపడి, ఇంట్లో ఆడవాళ్ళు ఎవరూ లేరా అని అడిగారు. ఉంది సారూ, మా అక్క ఉంది, కళ్ళు పోగొట్టుకుంటూ చూసుకుంటూ ఉంది అని చెప్పాలనిపించింది. పాగా సర్దుకొని బయటికి వచ్చాను. అందరూ మంచివాళ్ళేనక్కా, ఒక్కరు కసిరినా కోపం తెచ్చుకొని బతికేవాణ్ని.

మౌలాసాబు తోట సంగతి పోయిన జాబులో రాశాను కదా. కాలువ అవతల పోతుంటే గిలక చప్పుడు విని చిన్నోడు నా చేయి విదిలించుకొని పరుగెత్తడం, వంకాయ మళ్ళకు నీళ్ళు పారించే ఆ కపిల మోకు మీద అడగకుండానే ఎక్కి కూర్చోవడం, ఆ సాయిబు గడ్డం పట్టుకొని నవ్వడం, అవన్నీ విని నువ్వు కట్టు కిందే నవ్వావని అయివారు రాశారు. అక్కా, ఆ దినాలు నిజంగానే దినాలు. నేను ఆఫీసుకు పోతూ వాణ్ని దింపేవాణ్ని, వస్తూ తెచ్చుకునేవాణ్ని. మౌలాసాబు వాణ్ని బేటా అనేవాడు. వాళ్ళ ఇంటామె కూడా వాడికి సంగటి వండడం నేర్చుకుంది. ఇంక నీ కన్ను నయమయ్యేదాకా దిగుల్లేదు అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మౌలాసాబు తోటలో ఆయిలింజను పెట్టాడు. అతణ్ని తప్పుపట్టలేను. ఎద్దులు ముసలివయ్యాయి, బావిలో నీళ్ళు అడుగంటాయి, సర్కారు వాళ్ళు అప్పు మీద ఇంజన్లు ఇస్తున్నారు. ఎద్దులను సంతకు తోలేశాడు. మరునాడు చిన్నోడు పోయి చూస్తే గిలక లేదు, మోకు లేదు, బాన లేదు. డబడబా చప్పుడు చేస్తూ ఇనప ముద్ద ఒకటి నీళ్ళు పోస్తున్నది. వాడు ఆ నీళ్ళను చూశాడు, ఇంజన్ను చూశాడు, ఎద్దులు నిలబడే చోటు చూశాడు. తర్వాత పల్లంలోకి దిగి, వెనక్కి ఎక్కి, మళ్ళీ దిగి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఒక్కడే తిరిగాడట. మౌలాసాబు కాకులు తోలమన్నాడు, గంప అందించమన్నాడు. ఏదీ వాడికి ఎక్కలేదు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను, అయివారూ, ఇక్కడ కాస్త ఆగండి. పోయిన శుక్రవారం వాడు ఆ ఇంజను బెల్టును చేత్తో పట్టుకున్నాడు. పొడుగ్గా, తోలుతో, కదులుతూ ఉంటుంది కదా, మోకు అనుకున్నాడు. దాని మీద కూర్చోబోయాడు. మౌలాసాబు అక్కడే ఉండి ఇంజను ఆపాడు కాబట్టి మనిషి దక్కాడు. కుడి అరచేతి తోలు ఊడింది, చిటికెన వేలు నుజ్జయింది. ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. గాయం మానుతున్నది, జ్వరం లేదు, నా మాట నమ్ము. నీ మీద ఒట్టు పెట్టి రాస్తున్నాను, ప్రాణభయం లేదు. నువ్వు ఏడవద్దు. ఏడిస్తే ఆ కన్ను కూడా పోతుంది, అప్పుడు మనకు ఏమి మిగులుతుంది?

మౌలాసాబు ఆసుపత్రికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పుల్లప్పా, వాన్ని జూస్తాంటే నా దిల్ తరుక్కపోతాండాది. ఐనా ఇంక తోటకు తేవాకప్పా, నీకు దండం పెడతా. ఇంకోసారి ఐతే నేను బతకలేను" అన్నాడు. సరే అన్నాను.

అప్పటి నుంచి వాడు గదిలోనే ఉంటున్నాడు. నాకు సెలవు లేదు. రాజధాని హైదరాబాదుకు పోతుందట, కొత్తగా చేరినవాళ్ళను తీసేస్తారట అని డేరాలన్నీ గుసగుసలు. ఒక్క పూట పోకపోతే నా పేరే ముందు ఉంటుంది. లక్ష్మీదేవి ఒక్కతే పాపను, వాణ్ని, వాడి చేతి కట్టును చూసుకోవాలి. కట్టు పీకేస్తాడు. వీధిలోకి పరుగెత్తుతాడు. మొన్న మధ్యాహ్నం దొరగారు ఏదో పని మీద పంపితే దారిలో ఇంటికి పోయాను. చిన్నోడు వాకిలి గుంజ దగ్గర కూర్చొని ఉన్నాడు. లక్ష్మీదేవి పాత చీరతో వాణ్ని నడుముకు కట్టి, ఆ గుంజకు ముడివేసింది. వాడి పక్కనే కూర్చొని నోటికి ముద్దలు అందిస్తూ ఏడుస్తున్నది.

"నీళ్లకు కుళాయి కాడికి పోవాల గదా. పాపను ఎత్తుకొని, ఈయన్ని పట్టుకొని, బిందె యాడ పట్టుకునేది? నాకు రెండు చేతులేగదా ఉండేది" అంది.

కోప్పడదామనుకున్నాను. ఆ ముడి విప్పకుండా, కొట్టంలో కట్టేసిన దూడను చూసినట్లు చూస్తూ నిలబడ్డానక్కా. విప్పితే నేను ఆఫీసుకు పోలేను, విప్పకపోతే నేను మనిషిని కాను. చివరికి బిందె తీసుకొని కుళాయి దగ్గరికి పోయి నీళ్ళు తెచ్చి పెట్టి, ఆ ముడి అట్లాగే ఉండగా ఆఫీసుకు పోయాను. దారి పొడుగునా ఏడ్చాను. బిళ్ళబంట్రోతు ఏడుస్తూ పోతుంటే జనం చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను.

అహోబిలంలో దేవుడి దగ్గర కొన్నాళ్ళు నిద్ర చేయిస్తే నయమవుతుందని ఎదురింటామె చెప్పింది. చిన్నప్పుడు అమ్మ చేయించింది కదా, వాడికి నయం కావడానికి జబ్బేముంది? అయినా పోయేవాణ్నే. అక్కడ కూడా పక్కన ఒక మనిషి ఉండాలి. ఎక్కడికి పోయినా ఆ ఒక్క మనిషే కావాలక్కా, ఆ మనిషే నాకు దొరకడం లేదు.

అందుకని శనివారం దొరగారిని బతిమాలి ఒక్క పూట సెలవు తీసుకొని, వాణ్ని బస్సులో తీసుకొస్తున్నాను. ఆదివారం రాత్రికల్లా నేను మళ్ళీ ఇక్కడ ఉండాలి. నీ కట్టు ఇంకా పూర్తిగా విప్పలేదని తెలుసు. డాక్టరు చెప్పిన గడువు కాలేదని తెలుసు. నన్ను తిట్టు, పడతాను. ఊళ్ళో ఇంకా ఎవరి బావికి కపిల ఆడుతున్నదో అయివారి చేత కనుక్కోమను. మన బావిలో నీళ్ళు ఉన్నాయా? సంగటి పీరమ్మత్త చేస్తుంది, నేను వచ్చి ఆమె కాళ్ళు పట్టుకొని అడుగుతాను. నువ్వు మాత్రం పొయ్యి దగ్గరికి పోవద్దు, తెడ్డు పట్టుకోవద్దు. వాడి కట్టు మార్చడానికి వంగొద్దు. చిన్నోడు వచ్చాడని మంచం దిగొద్దు.

పీరమ్మత్తకు నా దండాలు, ఆమె రుణం ఎన్ని జన్మలకూ తీరదు. వీధిలో పెద్దలందరికీ నా మొక్కులు చెప్పించు. లక్ష్మీదేవి నీ కాళ్ళకు మొక్కుతున్నది, చీరతో కట్టినందుకు వదినె నన్ను క్షమించాల అని రాయమంటున్నది. మా పాపకు నీ దీవెన కావాలి. నాకు కూడా ఒకటి మిగిలి ఉంటే ఇవ్వు.

ఊరికి పోతున్నామని చెప్పిన దగ్గర నుంచి వాడు నవ్వుతూనే ఉన్నాడు. అక్క బువ్వ, అక్క బువ్వ అంటున్నాడు. వాకిట్లోకి వచ్చి ఆ మాట అంటే నువ్వు లేవకుండా ఉండలేవు. నాకు తెలుసు. తెలిసే తీసుకొస్తున్నాను.

నీ తమ్ముడు,
పుల్లయ్య