ఎరుపు తీసేసిన బొమ్మ

మార్చి 4, మంగళవారం

నా బొమ్మలో ఎరుపు తీసేశాడు మా టీమ్ లీడ్. నాకొక మాట చెప్పకుండా.

అది ఇంటెత్తు రియాక్టర్. లోపలంతా గోళీల్లాంటి క్యాటలిస్ట్ పూసలు, రియాక్షన్ జరిపించేవి. వాటి సందుల్లోంచి గ్యాస్ పోతుంది, రియాక్షన్‌కి వేడి పుడుతుంది, ఆ వేడిని గ్యాసే మోసుకుపోవాలి. కంప్యూటర్లో ఆ పూసలన్నీ నేనే పోశాను, గ్యాస్ నేనే పంపాను. గోడ పక్కన ఒకచోట పూసలు ఇరుక్కుపోయి గ్యాస్ నెమ్మదించింది. అక్కడ వేడి పేరుకుంది. ఎర్రగా వచ్చింది.

ఆయన అంకెలు ముట్టుకోలేదు. రంగుల స్కేలు పైకి లాగాడు, అంతే. ఇప్పుడు ఎంత మండినా ఆకుపచ్చే. ప్లాంటుకి పంపేశాడు. కింద మూలన నా పేరు!

ఆ ప్లాంటులో మా అక్క ఆపరేటర్. ఆ రియాక్టర్ చుట్టూ ఉండే ప్లాట్‌ఫామ్ మీదే ఆమె డ్యూటీ. సోమవారం నుంచి గ్యాస్ పెంచుతారు. గ్యాస్ పెరిగితే రియాక్షనూ పెరుగుతుంది, ఆ ఇరుకులో వేడికి గోడ చిట్లొచ్చు.

మార్చి 5

వెళ్లి అడిగాను. అబద్ధమేం చెప్పామయ్యా, స్కేలేగా మార్చింది అన్నాడు. మధ్యలో వేడి కొలిచే థర్మోకపుల్ ఉంది, వేడెక్కితే అదే చెప్తుందిలే అన్నాడు. పూసలు ఇంకోసారి పోసి చూడు, నీ ఎరుపు ఎటు పోతుందో అన్నాడు. నేనింకా గుమ్మం దాటకముందే, వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకి కంగారెక్కువ అని పక్కసీటతనితో అన్నాడు. అతనూ నవ్వాడు.

లంచ్‌లో ఒకావిడ వచ్చి నా ఎదురు కుర్చీ ఖాళీయేనా అని అడిగింది. కూర్చుంటుందనుకున్నాను. కుర్చీ పట్టుకెళ్లింది.

మార్చి 6

మళ్లీ పోశాను. ఆయన అన్నది నిజమే, ఎరుపు చోటు మారింది. ఇంకోసారి పోశాను. ఇంకోచోటికి పోయింది. కానీ ప్రతిసారీ గోడ పక్కనే. ఒక్కసారీ మధ్యకి రాలేదు. థర్మోకపుల్‌కి ఈ జన్మలో తెలియదు.

అసలు రియాక్టర్లో అది ఎక్కడుందో నాకూ తెలియదు. ఉందని మాత్రం తెలుసు.

మార్చి 7

అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 8, మధ్యాహ్నం

అక్కే చేసింది. ఏరా, ఇంకా గోళీలాటేనా అంది. కంట్రోల్ రూమ్ గోడకి నా బొమ్మ అతికించారట. చూస్తుంటే కళ్లకి ఎంత హాయిగా ఉందిరా అంది. మా తమ్ముడు చేసిందే అని షిఫ్ట్ మొత్తానికీ చెప్పుకుందట.

నా పని బాగుందని ఒక మనిషి అనడం ఇదే మొదటిసారి.

అది నాది కాదక్కా అన్నాను. ఎరుపు సంగతంతా చెప్పాను. ఎవరో ఒకరి మీద మండిపడకపోతే నీకు పొద్దుపోదురా, ఇప్పుడు అందరిలో నా పరువు తీయకు అని పెట్టేసింది.

మార్చి 9, ఆదివారం సాయంత్రం

టీమ్ లీడ్‌కి, ప్లాంట్ మేనేజర్‌కి, అక్కకి ఒకటే మెయిల్. పంపాను.

గోడకి అతికించింది నా బొమ్మ కాదు. పీకేయండి. నాది ఇదీ, ఎరుపుతో. రియాక్టర్ గోడ చుట్టూ వేడి కొలిచేదాకా గ్యాస్ పెంచొద్దు. రేపు ఉదయం ఆరింటికి వాల్వ్ తిప్పుతారు. ఆలోపు ముగ్గురూ జవాబివ్వాలి.

అక్కా, నువ్వు ఆరుదాకా ఆ ప్లాట్‌ఫామ్ మీద ఆగొద్దు.