గడియ బయటి వైపు

బావగారికి,

మేం క్షేమంగా ఇల్లు చేరాం. మీరు చేసిన మర్యాదలకి అమ్మ బస్సులో దారి పొడుగునా మురిసిపోయింది, నేను నోరు విప్పేదాకా.

మీ ఊళ్లో, ఆ పాత సంస్థానపు బుల్లి రాజధానిలో, మీరు చూపించనిది లేదు. కోట, పాత శాసనసభ, మ్యూజియం, ఆఖరికి రాజుగారి గుర్రపుశాల కూడా. అక్కతో ఇంట్లో ఉంటానన్న ప్రతిసారీ, "దానికి తలనొప్పి, పడుకోనీ. నువ్వు పద, మ్యూజియం మూసేస్తారు" అంటూ బయల్దేరదీశారు. మేం ముందు నడుస్తుంటే మీరు వెనకాల ఉండి వీధి తలుపు వేసి వచ్చేవారు. అంతఃపురం తలుపు తట్టి మరీ చూపించారు: "చూశావా మరదలు పిల్లా, గడియ బయటి వైపే! ఆడవాళ్లని ఎంత భద్రంగా చూసుకునేవాళ్లో!" నేనూ నవ్వాను, నా నోరు పడిపోను.

ఆ సాయంత్రం మీరు అమ్మకి కొలను చూపిస్తుంటే, గొడుగు మర్చిపోయి నేనొక్కదాన్నే వెనక్కి వచ్చాను. వీధి తలుపుకి తాళం. కిటికీ సందులోంచి అక్క, "తాళంచెవి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుందే. అమ్మకి చెప్పకు" అంది. ఏడవలేదు కూడా. ఇవాళ కూరేమిటో చెప్పినట్టు చెప్పింది.

అమ్మకి చెప్పాను. పెదనాన్నకీ చెప్పాను. గురువారం ఆయనా నేనూ వస్తున్నాం. ఊరు తిప్పే శ్రమ మీకక్కర్లేదు, చూడాల్సింది చూసేశాం. అక్కని పెట్టె సర్ది ఉంచుకోనివ్వండి. తాళంచెవి కనపడ్డం లేదంటారేమో, పెదనాన్న వడ్రంగి. తలుపులు బిగించడమే కాదు, ఊడదీయడమూ ఆయనకి వచ్చు.

'మీ మరదలు' అని రాయబోయి మానేశాను.

ఇట్లు,
మా అక్క చెల్లెలు