నాలుకతో చూసిన కాలువ

హాలెండు నుంచి సూరమ్మ అమ్మమ్మకి హెప్సిబా వందనాలు. చలికి బెంగపెట్టుకోకు, నీ శాలువా వదలడం లేదు.

పర్యావరణ విధానాల ఫెలోషిప్ అన్నాను కదా, మొన్న మా పదిమందినీ ఇక్కడి కాలువ చూపించడానికి తీసుకెళ్ళారు. కొల్లేట్లో వల వేసేముందు నువ్వు చేసినట్టే, అలవాటుకొద్దీ చేత్తో నీళ్ళు తీసి నాలుక మీద వేసుకున్నాను. ప్రొఫెసరుగారు హడలిపోయారు! "ఉప్పెక్కిందండీ, సముద్రం నీళ్ళు పైకొస్తున్నాయి" అన్నాను. ఉప్పు కొలిచే మీటరు పెడితే నిజమే. ఎవరు నేర్పారని అందరూ ఒకటే అడగడం. నీ పేరు చెప్పాను.

ఇప్పుడు కొల్లేటి మీద నేను రాసే రిపోర్టులో నువ్వూ రచయితవే. ఉత్తరం చదివిపెడుతున్న శ్యామ్ మామయ్యగారూ, ఈ ముక్క గట్టిగా చదివి వినిపించండి. ఈ ఎండల్లో సముద్రం నుంచి ఉప్పుటేరు మీదుగా కొల్లేట్లోకి ఉప్పునీళ్ళు ఏయే రోజుల్లో ఎక్కాయో అమ్మమ్మని అడిగి కేలండర్లో గుర్తు పెట్టండి. పేరు వేయడానికి ఆవిడ ఒప్పుకున్నట్టు ఒక కాగితం కావాలి. వేలిముద్ర చాలన్నారు.

గేదె ఈనిందా? జున్ను నా వాటా కూడా మీరే తినేయండి. చర్చిలో అందరికీ నా వందనాలు.

అమ్మమ్మా, రిపోర్టు మీద నీ పేరే ముందు. చిన్నప్పుడు పడవలో కూర్చున్నట్టే, నేను నీ వెనకాల.