శిలువ లేని అడవి

వార్సా,
1883 అక్టోబరు 9

మహాఘనులైన చిత్రకారులు సెవెరిన్ గారికి, అడవి కాపరి కూతురు కునెగుండ నమస్కరించి రాయునది. తమరు క్షేమమని నిన్న ప్రదర్శనలో కళ్ళారా చూశాను. ఒళ్ళు చేశారు. కొత్త కోటు బాగా నప్పింది.

మీ బొమ్మ కూడా చూశాను. "అడవిలో ప్రశాంతత" అట! ఆ పేరు పెట్టడానికి మీకు నోరెలా వచ్చింది? ఓక్ చెట్టునీ, వాగు మలుపునీ చూడగానే గుర్తుపట్టాను. ఆకు ఆకూ వేశారు. నీళ్ళు తాగే జింకను కూడా వేశారు. ఆ వాగు దగ్గర జింకను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇరవై ఏళ్ళ కిందట, తిరుగుబాటులో రష్యా జార్ సైనికుల తూటా తగిలి పోయిన మా అన్న హిలారీని మీరూ నేనూ పూడ్చిపెట్టింది ఆ ఓక్ కిందే. కొమ్మలు నరికి శిలువ కట్టింది మీరే. ఆ మట్టిదిబ్బ ఏది? శిలువ ఏది? జింకకు దొరికిన చోటు మా అన్నకు దొరకలేదా?

నా పక్కన ఈకల టోపీ ఆవిడ, "అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇక్కడ దుప్పటి పరుచుకుని భోంచేస్తే ఎలా ఉంటుందంటారు?" అని మొగుణ్ణి అడిగింది. "చీమలు కుడతాయే!" అన్నాడాయన. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. అప్పుడే అరిచాను, "మా అన్నని ఎక్కడ దాచావురా, పిరికి సన్నాసీ?" అని. హాలంతా ఇటు తిరిగింది. మీరు టోపీని చేతుల్లో నలుపుతూ, "కునెగుండా, ఇంటికి వెళ్ళు" అన్నారు. అంతే. మీ బతుక్కి అంతకు మించి మాట వస్తుందా? గొప్పవాళ్ళ గోడలకు నప్పాలని స్నేహితుడి చావునే తుడిచేసిన మనిషి ఇంకేం మాట్లాడతాడు? ఇక మా గుమ్మం తొక్కకండి.

ఇట్లు,
హిలారీ చెల్లెలు
కునెగుండ

తా.క. కవరు అంటించబోయి, కాగితం మళ్ళీ బయటికి తీశాను. సెవెరిన్, పోయిన వేసవిలో నువ్వు బొమ్మ వేయడానికి వచ్చేసరికి అక్కడ శిలువ లేదు. అప్పట్లో అన్నను పూడ్చాక నువ్వు సరిహద్దు దాటిపోయిన ఆ చలికాలమే, తిరుగుబాటుదారుల కోసం పోలీసులు ఇల్లిల్లూ గాలించారు. నాన్నను పట్టుకుపోతారని భయపడి నేనే దాన్ని పీకి పొయ్యిలో పెట్టాను. దిబ్బను పారతో చదును చేశాను. ఇక్కడ ఎవరినీ పూడ్చలేదని మరియమాత మీద ఒట్టేశాను. నువ్వు అంతా చూశావు. మా ఇంట పాలు తాగి, ఒక్క మాట అడక్కుండా వెళ్ళావు. నిన్న అంతమంది ముందు నువ్వు ఈ నిజం చెప్పి ఉంటే నేను తల ఎత్తుకోలేకపోయేదాన్ని. చెప్పలేదు. రేపు మళ్ళీ వస్తాను. పిరికిది ఎవరో ఆ బొమ్మ ముందే నిలబడి చెప్తాను.